మూడు పుస్తకాలు, మూడు గదులు, ఒక్క మనిషి



షుగరు ఉన్నవారు ఏమి తినాలి, బి.పి. ఉన్నవారు ఉప్పు ఎంత తగ్గించాలి అనే సంగతులు ఈ పత్రికలో ఇంతకు ముందు చాలాసార్లు వ్రాశాము. ఈసారి వ్రాసేది అది కాదు. మా వైపు జరిగిన ఒక పొరపాటు మీతో చెప్పుకొని, దాని నుండి మేము నేర్చుకున్నది మీ ముందు పెట్టాలనుకుంటున్నాము. చదివిన తరువాత మీరు మాతో ఏకీభవించవచ్చు, ఏకీభవించకపోవచ్చు. కానీ చివరి వరకు చదవమని మనవి.

మా ఓ.పి.కి ఆరేళ్లుగా వస్తున్న ఒక పెద్దాయన ఉన్నారు. కూలిపని చేసుకొని బ్రతికే మనిషి. వయసు యాభై దాటింది. రోజుకు ఒక కట్ట బీడీలు తాగేవారు. నెలకొకసారి మా షుగరు గదికి వచ్చి, రక్తపరీక్ష చేయించుకొని, మాత్రలు తీసుకొని వెళ్లేవారు. ఆయనను ఎవరూ గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చి, ఆయన అనుమతితోనే ఇది వ్రాస్తున్నాము.

ఒక సంవత్సరం ఆయన బరువు తగ్గుతూ వచ్చారు. షుగరు ఎక్కువగా ఉంటే బరువు తగ్గడం మామూలే కదా అని మేము మాత్ర మోతాదు పెంచాము. ఆయనకు దగ్గు ఉన్నది. బీడీలు తాగేవారికి దగ్గు ఉండదా అని మేము అనుకున్నాము, ఆయనా అలాగే అనుకున్నారు. మా షుగరు గది ముందున్న బెంచీ మీద కూర్చొనే ఆయన నెలల తరబడి దగ్గారు. ఆ గదిలో మేము షుగరు చూశాము గాని దగ్గు వినలేదు.

చివరికి ఆ దగ్గును పట్టుకున్నది మా ఆసుపత్రి కాదు. ఊరిలో ఇంటింటికి తిరిగే ఆశా కార్యకర్త. రెండు వారాలకు మించి దగ్గు ఉన్నదని తెలుసుకొని, కళ్లె పరీక్షకు ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పంపించింది. టి.బి. అని తేలింది. అక్కడే మందులు మొదలుపెట్టారు. ఆ సంగతి ఆయన మాకు చెప్పలేదు. ఊరిలో తెలిస్తే మనుమలను ఎవరూ దగ్గరకు రానివ్వరని, మందిరంలో పక్కన ఎవరూ కూర్చోరని ఆయన భయం.

తరువాతి నెల మా దగ్గరకు వచ్చేసరికి షుగరు బాగా పెరిగిపోయి ఉన్నది. పథ్యం తప్పారని మేము కోప్పడ్డాము. ఆయన తలవంచుకొని విన్నారు. మళ్లీ నెలకు ఇంకా పెరిగింది. మళ్లీ కోప్పడ్డాము. మూడోసారి మా నర్సు ఒకామె, "బాబాయ్, మీ సంచిలో ఉన్న మందులన్నీ ఒకసారి బల్ల మీద పెట్టండి" అన్నది. మా మాత్రలతో పాటు టి.బి. మాత్రల అట్టలు బయటకు వచ్చాయి. "ఇవి కూడా చెప్పాలా సిస్టరమ్మా?" అని ఆయన అడిగారు.

టి.బి. మందులలో రిఫాంపిసిన్ అనే ఒక మందు ఉన్నది. అది కాలేయాన్ని చురుకు చేసి, కొన్ని రకాల షుగరు మాత్రలు ఒంట్లో నిలవకుండా చేస్తుంది. పైగా టి.బి. జబ్బు కూడా తనంతట తానే రక్తంలో చక్కెరను పెంచుతుంది. ఆయన పథ్యం తప్పలేదు. ఆయన మింగుతున్న మా మాత్ర ఆయనకు పని చేయలేదు, అంతే. తిట్లు మాత్రం ఆయనకు పడ్డాయి.

ఈలోగా కంటి శిబిరంలో ఇచ్చిన చీటీ ఒకటి ఆయన సంచిలోనే నలిగి ఉన్నది. షుగరు వలన కంటిపొర దెబ్బతింటున్నదని, పెద్దాసుపత్రికి వెళ్లమని అందులో వ్రాసి ఉన్నది. ఆ చీటీ కూడా మేము చూడలేదు. కంటివారి చీటీ కంటివారికే అని ఆయన అనుకున్నారు.

ఇప్పుడు ఆయన బాగానే ఉన్నారు. ఇన్సులిన్‌కు మార్చాము, టి.బి. మందులు పూర్తిగా వాడారు. కానీ ఆలస్యం వలన ఊపిరితిత్తులు కొంత పాడైపోయి, పొలం పనికి వెళ్లలేకపోతున్నారు. ఆయన భార్యకు కూడా టి.బి. సోకింది. ఆమె కూడా మందులు వాడి కోలుకున్నది.

ఇందులో తప్పు ఎవరిది అని మేము కూర్చొని చాలాసేపు మాట్లాడుకున్నాము. షుగరు గదివారు షుగరు చూశారు. టి.బి. వారు టి.బి. చూశారు. కంటివారు కన్ను చూశారు. ఎవరి పని వారు సరిగానే చేశారు. అయినా మనిషి దెబ్బతిన్నాడు. ఆయనకు మూడు పుస్తకాలు ఉన్నాయి, మూడింటిలో మూడు నంబర్లు ఉన్నాయి. ఆ మూడూ ఒకే మనిషివని తెలిసినవాడు ఆయన ఒక్కడే. ఆయనకు చదువు రాదు.

ఇలా ఎందుకు జరుగుతుంది?

మన దేశంలో ఆరోగ్య కార్యక్రమాలు ఒక్కొక్కటి ఒక్కొక్క కాలంలో పుట్టాయి. జాతీయ క్షయ నివారణ కార్యక్రమం 1962లో మొదలైంది. అంధత్వ నివారణ కార్యక్రమం 1976లో వచ్చింది. పొగాకు నియంత్రణ కార్యక్రమం 2007-08లో వచ్చింది. కేన్సరు, షుగరు, గుండెజబ్బులు, పక్షవాతం నివారణకు 2010లో ఒక జాతీయ కార్యక్రమం మొదలైంది. దీర్ఘకాలిక శ్వాసకోశ వ్యాధులు, మూత్రపిండాల వ్యాధి, కాలేయంలో కొవ్వు చేరే జబ్బు వంటివి కూడా చేరడంతో 2023లో దాని పేరు మార్చి, అంటువ్యాధులు కాని జబ్బులన్నిటి కార్యక్రమంగా చేశారు. ప్రతి కార్యక్రమానికి సొంత నిధులు, సొంత రిజిస్టర్లు, సొంత శిక్షణలు, సొంత లెక్కలు ఉంటాయి. మిషను ఆసుపత్రులలోనూ ఇదే వరస. ఒక దాత కంటి విభాగానికి ఇస్తారు, మరొకరు టి.బి.కి ఇస్తారు. ఎవరి డబ్బుకు వారికి లెక్క చూపించాలి. అలా గోడలు వాటంతట అవే లేస్తాయి.

ఒక్కొక్క జబ్బుకు ఒక్కొక్క కార్యక్రమం అనే పద్ధతి చెడ్డదని మేము అనడం లేదు. పోలియోను అలాగే తరిమికొట్టాము. 2014 మార్చిలో మన దేశం పోలియో లేని దేశంగా గుర్తింపు పొందింది. ఒకే జబ్బు, ఒకే మందు, ఒకే గురి ఉన్నప్పుడు ఆ పద్ధతి బాగా పనిచేస్తుంది. రెండు చుక్కలు వేసి, వేలి మీద గుర్తు పెట్టి, ఇంటి గోడ మీద వ్రాసి వెళ్లవచ్చు.

షుగరు, బి.పి. అలాంటివి కావు. వాటికి చుక్కలు లేవు. వచ్చినవి జీవితమంతా ఉంటాయి. ఒకటి ఉన్నచోటికి రెండోది వస్తుంది. గుండెకు, కంటికి, మూత్రపిండానికి, కాలికి, మెదడుకు ఒకే రక్తం వెళ్తుంది గదా. వాటికి కారణాలు కూడా ఇంచుమించు ఒక్కటే: పొగాకు, మద్యం, ఉప్పు నూనె చక్కెర మితిమీరిన తిండి, ఒళ్లు కదలని బ్రతుకు, కట్టెల పొయ్యి పొగ. కారణాలు కలిసి వస్తుంటే, వాటిని ఆపవలసిన మనము విడివిడిగా నిలబడితే ఎలా?

ఇది చిన్న సంగతి కాదు. భారత వైద్య పరిశోధనా మండలి దేశమంతటా జరిపించిన ఒక పెద్ద సర్వే ఫలితాలు 2023లో వెలువడ్డాయి. దాని ప్రకారం మన దేశంలో సుమారు 10 కోట్ల మందికి షుగరు ఉన్నది. మరో 13 కోట్లకు పైగా జనం షుగరుకు చేరువలో ఉన్నారు. బి.పి. ఉన్నవారు 31 కోట్లకు పైమాటే. ఇంతమందికి ఒక్కొక్క జబ్బుకు ఒక్కొక్క గది కట్టి చూడడం ఏ ప్రభుత్వానికీ సాధ్యం కాదు, ఏ మిషనుకూ సాధ్యం కాదు.

ఒకరు చెబుతారులే అని అందరూ

పొగాకు సంగతే తీసుకుందాము. గుండెపోటుకు, పక్షవాతానికి, నోటి కేన్సరుకు, ఊపిరితిత్తుల జబ్బుకు, షుగరు ఉన్నవారి కాలు తీసివేయవలసి రావడానికి, టి.బి. రావడానికి కూడా అది కారణం. అంటే ఆసుపత్రిలో కనీసం ఆరు గదులవారికి "పొగాకు మానండి" అని చెప్పవలసిన పని ఉన్నది. ఆరుగురూ చెబితే రోగి ఆరుసార్లు వినాలి. కానీ మా రిజిస్టర్లు తిరగేస్తే ఏమి కనబడిందో తెలుసా? చాలామందికి ఎవరూ చెప్పలేదు. గుండె డాక్టరు ఛాతీ డాక్టరు చెప్పి ఉంటారని అనుకున్నారు. ఛాతీ డాక్టరు నర్సు చెప్పి ఉంటుందని అనుకున్నారు. పదిమందిలో పాము చావదని మన పెద్దలు ఊరకే అనలేదు.

మన ఉత్తర కోస్తాలో చుట్టను నిప్పు వైపు నోటిలో పెట్టుకొని కాల్చే అలవాటు ఒకటి ఉన్నది. అడ్డపొగ అంటారు. శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాలలో ముఖ్యంగా పెద్దవయసు స్త్రీలలో ఇది తరతరాలుగా ఉన్నది. ఆ వేడికి, ఆ పొగకు అంగిలి మీద తెల్లని మచ్చలు, పుండ్లు వచ్చి, కొందరిలో కేన్సరుగా మారతాయి. ఆ అవ్వ మోకాళ్ల నొప్పికి ఒక గదికి వస్తుంది, బి.పి.కి ఇంకో గదికి వస్తుంది, కంటిలో శుక్లానికి మరో గదికి వస్తుంది. మూడు చోట్లా ఒక్కరైనా "అమ్మా, చుట్ట కాలుస్తావా? ఒకసారి నోరు తెరువు" అంటే చాలు. అర నిమిషం పని. ఆ అర నిమిషం ఎవరి గదిది అన్నదే ప్రశ్న. అందరి గదిదీ అని మా సమాధానం.

గర్భిణి స్త్రీల విషయం చూడండి. కొందరికి గర్భంతో ఉన్నప్పుడు షుగరు వస్తుంది. కాన్పు తరువాత చాలామందికి తగ్గిపోతుంది. కాన్పు గదివారి పని అక్కడితో పూర్తయింది. తల్లీబిడ్డా క్షేమం అని పుస్తకం మూసేస్తారు. కానీ అలాంటి తల్లులకు తరువాతి సంవత్సరాలలో షుగరు వ్యాధి వచ్చే అవకాశం మిగిలినవారి కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. కాన్పయిన ఆరు వారాలకు ఒకసారి, ఆ తరువాత క్రమంగా పరీక్ష చేయించుకోవాలి. కాన్పు గది పుస్తకం నుండి షుగరు గది పుస్తకానికి ఆమె పేరు వెళ్లకపోతే, పదేళ్ల తరువాత ఆమె కొత్త రోగిగా మా దగ్గరకు వస్తుంది. అప్పటికి మూత్రపిండాలు కూడా దెబ్బతిని ఉండవచ్చు. ముందే తెలిసి కూడా ఆపలేకపోయిన జబ్బు అది.

కలిసి చేసినవారు ఉన్నారు

ఇది మాటలతో పోయే సంగతి కాదు, చేసి చూపించినవారు ఉన్నారు. ఫిన్లాండ్ దేశంలో ఉత్తర కరేలియా అనే ప్రాంతం ఉన్నది. 1970ల మొదట్లో అక్కడ నడివయసు మగవారు గుండెపోటుతో చనిపోవడం ప్రపంచంలోనే అతి ఎక్కువగా ఉండేది. ఏదైనా చేయమని అక్కడి ప్రజలే ప్రభుత్వాన్ని అడిగారు. 1972లో పెక్కా పుస్కా అనే యువ వైద్యుని నాయకత్వంలో పని మొదలైంది. ఆయన ఆసుపత్రిలో కూర్చోలేదు. గృహిణుల సంఘాలను కలిశారు. వెన్న తగ్గించి కూరగాయలతో వండే విధానం వారు ఊరూరా చూపించారు. పాలకేంద్రాలను, మాంసం కర్మాగారాలను కలిసి కొవ్వు, ఉప్పు తగ్గించమని అడిగారు. పాడి మీద బ్రతికేవారు నష్టపోకుండా పండ్ల సాగుకు ప్రోత్సాహం ఇప్పించారు. బడులు, పత్రికలు, నర్సులు అందరూ అదే మాట చెప్పారు. కొన్ని దశాబ్దాలలో అక్కడ పనిచేసే వయసు మగవారిలో గుండెజబ్బు మరణాలు 80 శాతానికి పైగా తగ్గాయి. కొత్త మందు కనిపెట్టి సాధించిన ఫలితం కాదది. వేరువేరు పనులవారు ఒక మాట మీదకు రావడం వలన వచ్చిన ఫలితం.

ఫిన్లాండ్ ధనిక దేశం గదా అంటారేమో. మన దగ్గరికే వద్దాము. 2017 చివరలో బి.పి. అదుపు కోసం ఒక కార్యక్రమం అయిదు రాష్ట్రాలలో మొదలైంది. వాటిలో తెలంగాణ ఒకటి. కేంద్ర ఆరోగ్య శాఖ, భారత వైద్య పరిశోధనా మండలి, ప్రపంచ ఆరోగ్య సంస్థ, రాష్ట్ర ప్రభుత్వాలు కలిసి నడిపాయి. అందులో గొప్ప యంత్రాలేమీ లేవు. ఏ మందు ముందు, ఏ మందు తరువాత అని అందరికీ ఒకే వరస. ఆ మందులు ఎప్పుడూ అయిపోకుండా చూడడం. డాక్టరు ఒక్కరే కాక నర్సు, ఆరోగ్య కార్యకర్త, ఫార్మసిస్టు పని పంచుకోవడం. నెలకు సరిపడా మాత్రలు ఇంటికి దగ్గరలోనే ఇవ్వడం. రానివారిని లెక్క చూసి పిలిపించడం. అంతే. ఆ పద్ధతి తరువాత మరెన్నో జిల్లాలకు విస్తరించింది. 2022లో ఐక్యరాజ్య సమితి నుండి బహుమానం కూడా అందుకున్నది.

మా పెద్దాయన విషయంలో మేము చేయలేకపోయిన పని గురించి కూడా దేశంలో ముందే ఆలోచించారు. షుగరు ఉన్నవారికి టి.బి. వచ్చే అవకాశం మిగిలినవారి కంటే రెండు మూడు రెట్లు ఎక్కువ. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లోనే ఈ రెండు జబ్బుల వారు కలిసి పనిచేయాలని మార్గదర్శకం ఇచ్చింది. మన దేశంలో 2017లో దానికొక విధానం వ్రాశారు. టి.బి. అని తేలిన ప్రతివారికి షుగరు పరీక్ష చేయాలి. షుగరు గదికి వచ్చిన ప్రతివారిని, వచ్చిన ప్రతిసారి, దగ్గు, జ్వరం, బరువు తగ్గడం, రాత్రి చెమటలు ఉన్నాయా అని అడగాలి. నాలుగు ప్రశ్నలు. కాగితం మీద విధానం ఉన్నది. మా బెంచీ దగ్గరకు అది చేరలేదు. ఆ లోటు మాదే.

కొందరి అభ్యంతరాలు

అన్నీ కలిపేస్తే పని గల్లంతవుతుందని, చివరకు ఎవరూ ఏదీ చేయరని కొందరు డాక్టర్లు అంటారు. అందులో నిజం ఉన్నది. అందరి పని అంటే ఎవరి పనీ కాకుండా పోతుంది. అందుకే కలిసి పనిచేయడం అంటే విభాగాలు ఎత్తివేయడం అని మేము చెప్పడం లేదు. కంటివారు కంటి పనిలో నిపుణులుగానే ఉండాలి. కానీ ప్రతి రోగికి ఒక బాధ్యుడు ఉండాలి. ఈ మనిషి అన్ని కాగితాలూ నేను చూశాను అని చెప్పగలిగినవారు ఒక్కరైనా ఉండాలి. అది డాక్టరే కానక్కరలేదు. మా దగ్గర అది చూసినది నర్సు.

రెండో అభ్యంతరం ఆశా కార్యకర్తల నుండి వస్తుంది. అది ఇంకా న్యాయమైనది. ముప్పై ఏళ్లు దాటిన ప్రతివారి దగ్గరకు వెళ్లి, పొగాకు, మద్యం, నడుము కొలత, వ్యాయామం, కుటుంబంలో జబ్బులు అడిగి ఫారం నింపేది వారే. గర్భిణులను చూసేది వారే. టి.బి. మందులు వేయించేది వారే. టీకాలకు పిలిచేది వారే. సమన్వయం అనే పెద్ద మాట పైన కూర్చున్నవారు అంటారు, కొత్త రిజిస్టరు మాత్రం ఆమె సంచిలో పడుతుంది. కార్యక్రమాలు కలవడమంటే ఆమె సంచిలో పుస్తకాలు తగ్గాలి. పెరిగితే అది కలయిక కాదు, బరువు దించుకోవడం. ఆమెకు ఇచ్చే గౌరవం, పారితోషికం కూడా ఆ పనికి తగినట్లు ఉండాలి.

మూడోది రహస్యం. అన్ని జబ్బులూ ఒకే పుస్తకంలో వ్రాస్తే ఎవరైనా చదువుతారేమో అన్న భయం రోగులకు ఉన్నది. మా పెద్దాయన భయం కూడా అదే. ఆ భయం తప్పని మేము అనము. పుస్తకం రోగిది. ఆయన చూపించినవారే చూడాలి. ఆ హామీ ఇవ్వనిదే ఒకే పుస్తకం అడిగే హక్కు మాకు లేదు.

శిబిరాల గురించి ఒక మాట

ఇది కొందరికి కష్టంగా అనిపించవచ్చు. అయినా చెప్పాలి. మన సంఘాలలో, మన ఆసుపత్రి తరఫున కూడా, ఉచిత వైద్య శిబిరాలు చాలా జరుగుతుంటాయి. షామియానా వేస్తాము, మైకు పెడతాము, రెండు వందల మందికి బి.పి. చూస్తాము, పది రోజుల మాత్రలు ఇస్తాము, ఫోటో దిగుతాము. పదకొండో రోజున ఆ మనిషికి మాత్ర ఎవరు ఇస్తారు? పదేళ్లు వాడవలసిన మందును పది రోజులు ఇచ్చి వచ్చేస్తే, మనము సహాయం చేశామా, లేక తగ్గిపోయిందనే భ్రమ కలిగించామా? పది రోజుల తరువాత మానేసి, ఏడాదికి పక్షవాతంతో వచ్చినవారిని మేము చూశాము.

శిబిరాలు వద్దని కాదు. శిబిరం పెట్టేముందు ఆ ఊరి ఆరోగ్య ఉపకేంద్రానికి వెళ్లి, ఏ.ఎన్.ఎం.ను, ఆశాను పిలుద్దాము. బి.పి., షుగరు ఉన్నట్లు తేలినవారి పేర్లు, వారి ఒప్పుదలతో, ఆ రోజే అక్కడి లెక్కలో చేర్పిద్దాము. నెలనెలా మాత్రలు అక్కడ దొరుకుతాయని చెబుదాము. అది జరగకపోతే ఆ షామియానా డబ్బులు వేరే పనికి వాడటం మేలు. మిషను ఆసుపత్రికి ప్రభుత్వ ఆసుపత్రి పోటీ కాదు. మన రోగి నెలలో ఒక రోజు మన దగ్గర ఉంటాడు, ఇరవై తొమ్మిది రోజులు తన ఊరిలో ఉంటాడు.

మేము చేస్తున్నది

ఇప్పుడు మా ఆసుపత్రిలో దీర్ఘకాలిక జబ్బులకు ఒకే పుస్తకం పెట్టాము. మొదటి పేజీలో ఆ మనిషికి ఉన్న జబ్బులన్నీ, వాడే మందులన్నీ ఉంటాయి, ఎక్కడ తీసుకున్నవైనా సరే. షుగరు గదిలో ఆ నాలుగు ప్రశ్నలు అడగనిదే చీటీ వ్రాయకూడదు. ఏ గదికి వచ్చినా పొగాకు సంగతి అడిగి, వాడేవారి నోరు చూడాలి. షుగరు ఉన్న ప్రతివారికి సంవత్సరానికి ఒకసారి కన్ను, పాదము, మూత్రము పరీక్ష జరిగిందో లేదో అదే పుస్తకంలో కనబడాలి. నెలకొకసారి విభాగాలవారందరూ, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం నుండి వచ్చినవారు కూడా, ఒక బల్ల చుట్టూ కూర్చొని, రావడం మానేసినవారి పేర్లు చూస్తారు. ఇది ఇంకా పూర్తిగా కుదుట పడలేదు. కొన్ని రోజులు మరచిపోతున్నాము. రద్దీ రోజున ప్రశ్నలు దాటవేస్తున్నాము. మీరు గుర్తు చేస్తే మేము బాధపడము.

మీరు చేయగలిగినది

ఆసుపత్రికి వచ్చేటప్పుడు ఇంట్లో ఉన్న మందులన్నీ, కాగితాలన్నీ ఒక సంచిలో వేసుకొని రండి. ఆయుర్వేదం, హోమియో, మందుల షాపులో అడిగి తెచ్చుకున్నవి, పక్కింటివారు ఇచ్చినవి కూడా. మేము అడగకపోయినా బల్ల మీద పెట్టండి.

రెండు వారాలకు మించి దగ్గు ఉంటే ఏ గదిలో ఉన్నా చెప్పండి. టి.బి. మందులు వాడేవారికి కాళ్లు తిమ్మిరెక్కితే, షుగరు వలననే అని ఊరుకోకుండా చెప్పండి. ఆ మందులలో ఒకటి నరాల మీద పనిచేస్తుంది, దానికి బి6 విటమిను ఇస్తారు. టి.బి. చికిత్స ప్రభుత్వం ద్వారా ఉచితం. పోషకాహారానికి ఇచ్చే సొమ్మును కూడా 2024 నవంబరు నుండి నెలకు 500 రూపాయల నుండి 1000 రూపాయలకు పెంచారు. అడిగి తీసుకోండి.

ముప్పై దాటినవారు ఏడాదికొకసారైనా బి.పి., షుగరు చూపించుకోండి. బాగానే ఉన్నాను గదా అనవద్దు. బి.పి. చాలామందిలో ఏ బాధా పెట్టదు. గర్భంలో షుగరు వచ్చిన తల్లులు ఆ సంగతి ప్రతి డాక్టరుకు, ప్రతిసారి చెప్పండి. పొగాకు మానాలనుకునేవారు 1800-11-2356 అనే ఉచిత నంబరుకు ఫోను చేయవచ్చు.

సంఘ పెద్దలకు, స్త్రీల సమాజం వారికి, యౌవనస్థులకు ఒక విన్నపం. రోజుకు ఒక మనిషికి అన్ని వంటకాలలోనూ కలిపి 5 గ్రాముల లోపు ఉప్పు చాలు. అంటే ఒక చిన్న చెంచాడు. మన ప్రేమవిందులో ఊరగాయ, అప్పడం, పులిహోర, బిర్యానీ కలిపితే అది ఒక్క పూటలోనే దాటిపోతుంది. వంట పెట్టేవారు కొంచెం తగ్గించి వండితే, మేము వంద కరపత్రాలు పంచిన దానికంటే మేలు. మందిరం ఆవరణలో పొగాకు లేకుండా చూడండి. మీ సంఘంలో ఒకరిని ఎన్నుకొని, మీ ఊరి ఆశాతో పరిచయం చేయండి. అన్నిటికన్నా ముఖ్యం, టి.బి. వచ్చినవారి పక్కన కూర్చోండి. సరైన మందులు మొదలుపెట్టి కొన్ని వారాలు గడిచాక చాలామంది నుండి ఇతరులకు సోకే ప్రమాదం బాగా తగ్గిపోతుంది. మీరు దూరం జరిగితే వారు జబ్బు దాస్తారు. దాచిన జబ్బు మీ ఇంటికే వస్తుంది.

మా పెద్దాయన మొన్న మళ్లీ వచ్చారు. బీడీలు మానేశారు. కన్ను చూపించుకున్నారు, లేజరు చికిత్స జరిగింది. మేము అడగకముందే సంచి విప్పి, మందులన్నీ వరసగా బల్ల మీద పెట్టి, పైన ఒకే ఒక్క పుస్తకం పెట్టారు. "ఇప్పుడు అన్నీ ఉన్నాయి, చూసుకోండి" అన్నారు.

అన్నీ చూడడం మా పని. చూపించడం మీ పని. ఈ రెండూ కలిస్తేనే వైద్యం.

ఇట్లు,
మీ ఆసుపత్రి సేవకులు